వాసన రాదు, మంట లేవదు... అంటే ప్రమాదం లేనట్టేనా?

డోంగ్లి మండలంలో పత్తి, సోయా వేసే రైతుకు పురుగుమందు డబ్బా మీది రంగు త్రిభుజం కొత్త కాదు. ఎరుపు ఉంటే అత్యంత విషం. పసుపు ఉంటే తీవ్ర విషం. నీలం మధ్య రకం. ఆకుపచ్చ ఉంటే తక్కువ విషం. చాలామంది పొరబడేది ఈ చివరి రంగు దగ్గరే. ఆకుపచ్చ కదా, ఏం కాదులే అనుకుని చేతికి గ్లౌజు లేకుండా, మూతికి గుడ్డ కట్టుకోకుండా మందు కలుపుతారు. ఆ రంగు చెప్పేది విషం ‘తక్కువ’ అని, ‘లేదు’ అని కాదు.

సరిగ్గా ఇదే పొరపాటు పెద్ద చదువులు చదివినవాళ్ల మధ్య, ఏసీ ల్యాబుల్లో కూడా జరుగుతోంది. అక్కడ డబ్బా మీద త్రిభుజం ఉండదు, ‘గ్రీన్ సాల్వెంట్’ అనే పేరు ఉంటుంది. ఆ పేరు మీద గత పాతికేళ్లలో రసాయన ప్రయోగశాలల్లోకి వచ్చినవే అయానిక్ లిక్విడ్స్. మామూలుగా ఆవిరి కావు, వాసన దాదాపు రాదు, అగ్గిపుల్ల చూపిస్తే పెట్రోలులా భగ్గుమనవు. అందుకే భయం కూడా పుట్టించవు. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

డోంగ్లికి దీనితో పనేంటి?

అడగాల్సిన ప్రశ్నే. డోంగ్లి 2022లో ఏర్పడిన మండలం. అంతకుముందు మద్నూర్ మండలంలో ఉండేది. కామారెడ్డి జిల్లా చివర, మహారాష్ట్ర సరిహద్దు దగ్గర, తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినిపించే ప్రాంతం ఇది. చుట్టుపక్కల ఉన్నవి పొలాలు, పత్తి. అయితే మద్నూర్ మీదుగా పోయే 161వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పిట్లం, జోగిపేట దాటితే సంగారెడ్డి వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం. మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు వరసగా ఉన్న పట్టీ అది. ఈ వైపు బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ, ఐటీఐ చదివిన పిల్లలు పని కోసం చూసేది అటే. మార్కులు బాగుంటే క్వాలిటీ ల్యాబులో, పరిశోధన విభాగంలో ఉద్యోగం. లేకపోతే ప్రొడక్షన్ షిఫ్టు. అదీ దొరకకపోతే ల్యాబులో గాజు సామాను కడిగే హెల్పర్ పని. సంగారెడ్డి జిల్లా నుంచి ఇటువైపు వచ్చేది ఈ రోడ్డు ఒక్కటే కాదు, మంజీరా నది కూడా. దాని సంగతి తర్వాత.

ఆ పట్టీలోనే 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగింది. దొరికిన మృతదేహాలు, ఇక దొరకరని ప్రకటించినవాళ్లు కలిపి 54 మంది. వాళ్లలో ఎక్కువమంది బతుకుదెరువు కోసం బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ తయారయ్యేది ఏదో ఘోరమైన విషం కాదు. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే తెల్లటి పొడి. చెక్క గుజ్జు నుంచి తీస్తారు, మాత్ర గట్టిగా కట్టుకోవడానికి కలుపుతారు. జ్వరం మాత్ర వేసుకున్న ప్రతి మనిషి కడుపులోకీ ఇలాంటి పొడి ఎప్పుడో ఒకప్పుడు పోయే ఉంటుంది. కడుపులో దానితో ఏ గొడవా లేదు. కానీ సన్నటి సేంద్రియ పొడి ఏదైనా గాలిలో లేచి, మూసిన చోట నిప్పు తగిలితే పేలగలదు. గోధుమ పిండి, చక్కెర పొడి కూడా అంతే. తినడానికి పనికొస్తుందన్న గుణం ఆ పొడి పేలదని హామీ ఇవ్వదు.

అయానిక్ లిక్విడ్స్ కథ దీనికి తలకిందులు. అవి సులువుగా మండవు, పేలవు. ఆ మంచి గుణాన్ని చూసి మిగతా చెడ్డ గుణాలను మరిచిపోవడమే వాటితో వచ్చే ప్రమాదం.

ఉప్పే, కానీ ద్రవం

అయానిక్ లిక్విడ్ అంటే నిజానికి ఉప్పే. వంటింటి ఉప్పు కరగాలంటే 800 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. దానిలోని సోడియం, క్లోరిన్ అయాన్లు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ చిన్న అయాన్ల బదులు పెద్దవి, వంకరటింకరగా ఉన్నవి పెడితే వరసగా పేర్చుకోలేవు, పట్టు సడలుతుంది. అప్పుడు ఉప్పు 100 డిగ్రీల లోపే, కొన్నిసార్లు గది వేడికే కరిగి ద్రవంలా ఉండిపోతుంది. పాల్ వాల్డెన్ అనే శాస్త్రవేత్త 1914లోనే 12 డిగ్రీల దగ్గర కరిగే ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ గురించి రాశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1990ల చివర్లో పట్టించుకోవడానికి కారణం మామూలు సాల్వెంట్లు. మందుల తయారీలో ఎక్కువ మొత్తంలో వాడేది అసలు మందు సరుకు కాదు, దాన్ని కరిగించే, కడిగే సాల్వెంట్లే. అవి తేలిగ్గా ఆవిరవుతాయి, ఆవిరికి నిప్పు తగిలితే అంతే. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా కంపెనీలో జరిగింది అదే. మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే సాల్వెంట్ లీకై, ఆ ఆవిరి అంటుకుని పేలింది. 17 మంది చనిపోయారు. ఇలాంటి సాల్వెంట్ల స్థానంలో ఆవిరి కాని ద్రవం దొరికితే ఎవరికి చేదు? అందుకే అయానిక్ లిక్విడ్స్‌ను ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంది. హైదరాబాద్‌లోని ఐఐసీటీలో జె.ఎస్. యాదవ్ బృందం 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే వీటిలో రకరకాల రసాయన చర్యలు చేసి ఎన్నో పత్రాలు ప్రచురించింది. జర్మనీలో బీఏఎస్‌ఎఫ్ కంపెనీ ఒక తయారీ పద్ధతిలోనే వీటిని వాడుకుంది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ దగ్గరి షెవ్రాన్ రిఫైనరీలో 2021లో ప్రాణాంతకమైన హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ బదులు అయానిక్ లిక్విడ్‌తో పనిచేసే యూనిట్ నడవడం మొదలైంది. అంటే ఇవి పనికిరానివి అని ఎవరూ అనడం లేదు. కొన్ని చోట్ల ఇవే మనుషులను కాపాడతాయి.

ముక్కు మోసపోయే చోటు

మనిషికి రసాయనం నుంచి మొదటి హెచ్చరిక ముక్కు ద్వారా వస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు జనం ఘాటు వాసనకు లేచి పరుగులు పెట్టారు. అప్పటికే 12 మంది ప్రాణాలు పోయే పరిస్థితి వచ్చింది కానీ, ఆ వాసనే లేకపోతే ఇంకెంత ఘోరం జరిగేదో. అయానిక్ లిక్విడ్ బల్ల మీద ఒలికితే వాసన రాదు. అది ఎండదు. స్పిరిట్ చుక్క పడితే నిమిషంలో ఎగిరిపోతుంది, ఇది వారం తర్వాత చూసినా అక్కడే జిడ్డుగా ఉంటుంది. నీళ్ల చుక్క అనుకుని మోచేయి ఆనించేవాళ్లుంటారు, గుడ్డతో తుడిచి ఆ గుడ్డ జేబులో పెట్టుకునేవాళ్లుంటారు. నేల మీద పడితే కాలు జారుతుంది కూడా.

వీటిలో ల్యాబులు బాగా వాడే రకం బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్. తెల్లటి గడ్డలా వస్తుంది, 70 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అమ్మే కంపెనీలు దానితో ఇచ్చే సేఫ్టీ షీటులో రాసేది చూస్తే ‘గ్రీన్’ అన్న మాట ఎవరికీ గుర్తుకు రాదు. మింగితే విషం అని పుర్రె గుర్తు వేస్తారు. చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తుందని, నీటిలోని జీవులకు హాని చేస్తుందని కూడా రాస్తారు. ఒక విషయం పరిశోధకులు మళ్లీ మళ్లీ గమనించారు. ఇమిడజోలియం ఉంగరానికి తగిలించిన కార్బన్ తోక పొడుగైన కొద్దీ విషం పెరుగుతుంది. నాలుగు కార్బన్ల తోక ఉన్నదానికంటే ఎనిమిది ఉన్నది, దానికంటే పది ఉన్నది. ఆ తోక సబ్బు అణువులా కణం పొరలోకి దూరిపోతుంది. అంటే ‘అయానిక్ లిక్విడ్ ప్రమాదమా కాదా’ అన్న ప్రశ్నే తప్పు. వేల రకాలున్నాయి. ఏ అయాను, ఏ తోక, ఏ జత అన్నది చూడకుండా జవాబు లేదు.

పీఎఫ్6 సీసాలో దాగిన తేజాబ్

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఒక రకంతో. ఇమిడజోలియానికి జతగా హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అయాను ఉన్నవి. ల్యాబుల్లో ముద్దుగా పీఎఫ్6 అంటారు. ఇది నీళ్లలో కలవదు, నూనెలా అడుగున విడిగా నిలుస్తుంది కాబట్టి నీళ్లలోంచి వేరే పదార్థాలను లాగడానికి బాగా వాడారు. 2003లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం ఒక చిన్న పత్రం ప్రచురించింది. అయానిక్ లిక్విడ్స్ అన్నిసార్లూ గ్రీన్ కావు అనేదే దాని శీర్షిక సారాంశం. పీఎఫ్6 రకాన్ని శుద్ధి చేసే పనిలో వాళ్లకు అనుకోని స్ఫటికాలు కనిపించాయి. పరీక్షిస్తే తేలింది ఏమిటంటే, ఆ అయాను నీళ్లతో కలిసి విరిగిపోతోంది. విరిగినప్పుడు వచ్చేది హైడ్రోజన్ ఫ్లోరైడ్. తడితో కలిస్తే అదే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. గాజును తినేసే తేజాబ్ అది.

ఇక్కడ కాసేపు ఆగాలి. తేజాబ్ అనే మాట వింటే మన ఇళ్లలో చిన్నపిల్లలు కూడా వెనక్కి జరుగుతారు. సల్ఫ్యూరిక్ యాసిడ్ పడితే అప్పుడే మండుతుంది, కేక పెట్టి నీళ్ల దగ్గరికి పరుగెత్తుతాం. హైడ్రోఫ్లోరిక్ అలా కాదు. పలుచగా ఉంటే మొదట ఏమీ తెలియదు. గంటల తర్వాత, కొన్నిసార్లు ఒక రోజు దాకా ఆగి నొప్పి మొదలవుతుంది. ఆ లోపు అది చర్మం దాటి లోపలికి పోయి ఉంటుంది. దానిలోని ఫ్లోరైడ్‌కు కాల్షియం అంటే ఎక్కడలేని ఆకలి. నల్గొండ జిల్లాలో బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి మనుషులను ఎలా వంచేసిందో తెలంగాణలో చెప్పాల్సిన అవసరం లేదు. అక్కడ మోతాదు చిన్నది, కాలం పెద్దది. ఇక్కడ మోతాదు పెద్దది, కాలం కొన్ని గంటలే. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. అరచేయంత చోట గాఢమైన యాసిడ్ పడినా ప్రాణం మీదికి రావచ్చు.

ల్యాబులో పీఎఫ్6 సీసా నుంచి అంత గాఢమైన యాసిడ్ ఒలకడం అరుదు, ఇది ఒప్పుకోవాలి. చల్లగా, పొడిగా, సరిగ్గా మూత పెట్టి ఉంచితే చాలాకాలం అలాగే ఉంటుంది. గొడవంతా నీళ్లు, వేడి, యాసిడ్ కలిసినప్పుడే. కానీ ల్యాబు రోజువారీ పని ఎలా ఉంటుంది? వాడిన ద్రవాన్ని మళ్లీ వాడుకోవడానికి నీళ్లతో కడుగుతారు, తర్వాత ఆ తడి పోవడానికి వేడి చేసి వాక్యూమ్ పెడతారు. రెండూ కలిసేది సరిగ్గా అక్కడే. రోటరీ ఎవాపొరేటర్ ఫ్లాస్కు లోపలి గాజు మసకబారితే అది మురికి కాదు, యాసిడ్ గాజును కొరికిన గుర్తు. దాన్ని ‘బాగా రుద్దు’ అని హెల్పర్‌కు ఇచ్చేస్తే?

అందుకని ఇలాంటి చోట పనిచేసేవాళ్లు పట్టుబట్టి అడగాల్సిన వస్తువు ఒకటుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్. చిన్న ట్యూబు, 2.5 శాతం మందు. హైడ్రోఫ్లోరిక్ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, బట్టలు తీసేసి వెంటనే ఐదు నిమిషాల పాటు ధారగా నీళ్లు పోయాలి. తర్వాత గ్లౌజు వేసుకున్న చేతితో ఈ జెల్ రుద్దుతూ దవాఖానకు బయలుదేరాలి. నొప్పి లేదు కదా అని ఆగకూడదు. కంట్లో పడితే జెల్ పెట్టొద్దు, నీళ్లతో కడుగుతూనే తీసుకుపోవాలి. డాక్టర్‌కు ‘యాసిడ్ పడింది’ అని కాకుండా ‘హైడ్రోఫ్లోరిక్’ అని పేరు పెట్టి చెప్పాలి, వైద్యం వేరుగా ఉంటుంది కాబట్టి. ఫ్లోరిన్ ఉన్న రసాయనాలు వాడే ల్యాబులో ఆ ట్యూబు లేకపోతే మిగతా ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఎంత నిండుగా ఉన్నా ఈ ప్రమాదానికి అక్కరకు రాదు.

ఇది ల్యాబు గోడల లోపలి ముచ్చటే అనుకుంటే పొరపాటు. ఇదే పీఎఫ్6 అయాను ప్రతి ఒక్కరి జేబులో ఉంది. సెల్‌ఫోన్, ఎలక్ట్రిక్ స్కూటర్ లిథియం బ్యాటరీల్లోని ద్రవంలో ఎక్కువగా వాడే ఉప్పు లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. అది అయానిక్ లిక్విడ్ కాదు కానీ నీళ్లు, వేడి తగిలితే చేసే పని ఒకటే. ఉబ్బిన బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసే మొబైల్ రిపేరు కుర్రాళ్లు బాన్సువాడలోనైనా, హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లోనైనా ఉంటారు. లిథియం బ్యాటరీ కాలినప్పుడు ఎంత హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుందో స్వీడన్ పరిశోధకులు కొలిచి 2017లో ప్రచురించారు. బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో వాట్-అవర్‌కు 20 నుంచి 200 మిల్లీగ్రాములు. స్కూటర్ బ్యాటరీ అంటే వేల వాట్-అవర్లు. సికింద్రాబాద్ రూబీ హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ నుంచి 2022 సెప్టెంబర్ 12న మంటలు లేచినప్పుడు 8 మంది చనిపోయారు. అలాంటి చోట తడిగుడ్డ మూతికి కట్టుకుని లోపలికి వెళ్లడం సాహసం అనిపించుకోదు.

మండదన్న మాట కూడా పూర్తి నిజం కాదు

2006లో రెండు పరిశోధనలు పాత నమ్మకాలను కదిలించాయి. అసలు ఆవిరే కావనుకున్న కొన్ని అయానిక్ లిక్విడ్స్‌ను బాగా వేడి చేసి, గాలి పీడనం బాగా తగ్గిస్తే ఆవిరి చేసి మళ్లీ పట్టుకోవచ్చని ‘నేచర్’ పత్రికలో ఒక బృందం చూపించింది. అదే ఏడాది మరో పత్రం, వీటిలో చాలా రకాలు మంటలో పెడితే కాలతాయని చూపించింది. ఆవిరి లేదు కాబట్టి అంటుకోవడం ఆలస్యం. కానీ వేడికి అణువు విరిగి వచ్చే ముక్కలు అంటుకుంటాయి. నైట్రేట్, డైసయనమైడ్ లాంటి జతలున్నవి మరింత జాగ్రత్తగా చూడాల్సినవి. అల్యూమినియం క్లోరైడ్‌తో చేసిన రకాలైతే గాలిలోని తేమకే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వదులుతాయి, నీళ్లు పోస్తే బుసకొడతాయి. షెవ్రాన్ యూనిట్‌లో వాడేది ఈ కుటుంబానిదే. అక్కడ దాన్ని మూసిన ఉక్కు గొట్టాల్లో, నీటి చుక్క తగలకుండా నడుపుతారు. కాలేజీ ల్యాబులో బీకరులో పోసి పెట్టేది కాదు అది.

మరి రోజూ ఎలా వాడాలి అంటే, పెద్ద మంత్రమేమీ లేదు. సీసాలను తేమ తగలని డెసికేటర్‌లో పెట్టడం, పూర్తి పేరు, తెరిచిన తేదీ రాయడం. ‘ఐఎల్-1’, ‘ఐఎల్-2’ అని మార్కరుతో రాసి పెట్టే అలవాటు మానడం, ఎందుకంటే రాసినవాడు సెలవులో ఉన్నప్పుడే సీసా పగులుతుంది. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు వేసుకోవడం. గ్లౌజు మీద చుక్క పడితే ఎండదు కాబట్టి అప్పుడే మార్చడం, ఆ గ్లౌజుతో సెల్‌ఫోన్, తలుపు పిడి ముట్టుకోకపోవడం. వేడి చేసేది ఏదైనా ఫ్యూమ్ హుడ్‌లోనే చేయడం. ఫ్లోరిన్ ఉన్న పాత సీసా తెరిచే ముందు మూత దగ్గర తడి పీహెచ్ కాగితం పెట్టి చూడటం. ఎర్రబడిందంటే లోపల విరగడం మొదలైనట్టు. అలాంటి వ్యర్థాన్ని గాజులో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో పట్టడం. ఇవన్నీ కలిపినా రోజుకు పది నిమిషాల పని.

సింకులో పోస్తే ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు మంజీరా దగ్గరికి రావాలి. ఆవిరి కాని ద్రవం గాలిని పాడుచేయదు, నిజమే. గాలిలోకి పోనిది నీళ్లలోకి, మట్టిలోకి పోతుంది. బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం లాంటివి నీళ్లలోని సూక్ష్మజీవులకు సులువుగా అరగవు. కొన్ని అమ్మోనియం రకాలు మామూలు సాల్వెంట్ల కంటే చేపలకు చాలా ఎక్కువ విషమని ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంవాళ్లు 2006లో జీబ్రా చేపల మీద చూపించారు. 2018లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు ఒక చెత్త పూడ్చే స్థలం దగ్గరి మట్టిలో ఆక్టైల్ మిథైల్ ఇమిడజోలియం ఉన్నట్టు కనుగొన్నారు. ఎనిమిది కార్బన్ల తోక ఉన్నది. అది కాలేయ కణాల్లోని శక్తి కేంద్రాలను దెబ్బతీస్తోందని, పిత్తనాళాల జబ్బు ఒకదానికి కారణం కావచ్చని అనుమానం వ్యక్తం చేశారు. అది అనుమానమే, రుజువు కాదు. కానీ ల్యాబు గ్రీన్ ద్రవం మట్టిలో తేలిందన్నది మాత్రం కొలిచి చూసిన సంగతి.

పటాన్‌చెరు కథ అయానిక్ లిక్విడ్స్‌ది కాదు. అయినా కంటికి కనిపించని పదార్థం శుద్ధి కేంద్రం దాటి ఎలా పోతుందో చెప్పడానికి దానికంటే పెద్ద ఉదాహరణ ప్రపంచంలోనే తక్కువ. అక్కడి సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం తీసుకునే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి చేసి వదిలిన నీళ్లను స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో ఫలితం ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. వైద్యం తీసుకుంటున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అప్పటికే ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వేసిన కేసు నడుస్తూనే ఉంది. అది హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో తీర్పు వచ్చేసరికి 27 ఏళ్లు గడిచాయి. ఆ పట్టీ మురికి మోసిన నక్కవాగు కలిసేది మంజీరాలో. మంజీరా నిజాంసాగర్ దాటి, బాన్సువాడ వైపు నుంచి మద్నూర్, డోంగ్లి ప్రాంతాన్ని తాకుతూ పోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే ల్యాబు సింకు పటాన్‌చెరులో ఉంటే దాని దిగువ డోంగ్లి.

చట్టం ప్రకారం ఈ వ్యర్థాన్ని సింకులో పోయకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద విడిగా పట్టి, 90 రోజులకు మించి నిల్వ ఉంచకుండా, అనుమతి ఉన్న కేంద్రానికి పంపాలి. హైదరాబాద్ చుట్టుపక్కలకు దుండిగల్‌లో అలాంటి కేంద్రం ఉంది. కంపెనీలకు దారి తెలుసు. ఇబ్బంది చిన్న కాలేజీ ల్యాబులది. నెలకు అర లీటరు వ్యర్థం కోసం లారీ ఎవరు పంపుతారు? కాలేజీలన్నీ కలిసి యూనివర్సిటీ స్థాయిలో ఒక చోట పోగు చేసి పంపే ఏర్పాటు చేస్తే సరిపోతుంది. ఖర్చు పెద్దది కాదు, ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలంతే.

ఎవరి భాషలో రాస్తే ఎవరికి అర్థమవుతుంది

ప్రతి రసాయనంతో పాటు వచ్చే సేఫ్టీ డేటా షీటులో 16 భాగాలుంటాయి. రెండో భాగం ప్రమాదాలు, నాలుగోది ప్రథమ చికిత్స, ఏడోది వాడకం, నిల్వ, ఎనిమిదోది ఏం తొడుక్కోవాలి, పదమూడోది ఎలా పారేయాలి. ఈ ఐదు చదివితే చాలు, సగం ప్రమాదం తప్పుతుంది. కానీ ఆ షీటు ఇంగ్లిష్‌లో వస్తుంది, అందులోనూ వకీలు రాసినట్టుండే ఇంగ్లిష్. దాన్ని చదివేది ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసిన కెమిస్ట్. ఫ్లాస్కు కడిగేది, వ్యర్థం డబ్బా ఎత్తేది, ఒలికింది తుడిచేది వేరే మనిషి. ఆ మనిషి తెలుగు మీడియంలో పదో తరగతి చదివి ఉండొచ్చు, ఉర్దూ మీడియంలో చదివి ఉండొచ్చు, బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి ఉండొచ్చు.

ఇది చేయలేని పనేం కాదు. వందేళ్ల కింద ఇదే హైదరాబాద్‌లో చేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో దారుల్ తర్జుమా పెట్టి, రసాయన శాస్త్రంతో సహా ఆధునిక శాస్త్రాల పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెచ్చారు. లేని మాటలకు మాటలు కట్టారు. డిగ్రీ స్థాయి కెమిస్ట్రీ అంతా దేశభాషలో చెప్పిన నగరంలో ఒక పేజీ హెచ్చరిక కాగితం తెలుగులో, ఉర్దూలో, హిందీలో గోడకు అంటించడం ఎందుకు కష్టమవుతోంది? కారణం భాష కాదు. అడిగేవాళ్లు లేకపోవడం.

అడిగే హక్కు మాత్రం ఉంది. 1984 భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పదార్థాల వివరాలు కార్మికులకు చెప్పాల్సిన బాధ్యత యజమాని మీద పెట్టారు. సమాచారం అడిగే హక్కు కార్మికుడికి ఇచ్చారు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు సేఫ్టీ షీటును, డబ్బా మీద లేబుల్‌ను తప్పనిసరి చేశాయి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలోని భద్రతా కోడ్ ఫ్యాక్టరీల చట్టం స్థానంలోకి వచ్చింది. ఏడాదికోసారి ఉచిత ఆరోగ్య పరీక్షలు, నియామక పత్రం లాంటివి మేలే. కానీ కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనే పాత లెక్క ఇప్పుడు ఇరవైకి పెరిగింది. చిన్న ల్యాబులు, కాంట్రాక్టు మీద శాంపిళ్లు తయారుచేసే చిన్న యూనిట్లు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ పదికి, ఇరవైకి మధ్యనే. ప్రమాదకర పనులకు కోడ్‌లో వేరే ఏర్పాటు ఉన్నా, తనిఖీ అధికారి ఆ గుమ్మం దాకా వస్తాడా అన్నది పాత ప్రశ్నే.

మంచి ప్రత్యామ్నాయాల వెతుకులాట కూడా ఆగలేదు. ఇంగ్లండ్‌లో లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ అబాట్ బృందం 2003లో ఒక మిశ్రమం గురించి రాసింది. కోలీన్ క్లోరైడ్ ఒక పాలు, యూరియా రెండు పాళ్లు కలిపి వేడి చేస్తే, విడిగా వందల డిగ్రీలకు గానీ కరగని ఆ రెండూ కలిసి 12 డిగ్రీల దగ్గరే ద్రవంగా ఉంటాయి. కోలీన్ క్లోరైడ్ కోళ్ల దాణాలో కలిపేదే. యూరియా సంగతి చెప్పనక్కరలేదు, 2025 ఆగస్టులో రాష్ట్రమంతా దాని బస్తా కోసం చెప్పులు లైన్‌లో పెట్టి నిలబడ్డవాళ్లే. ఫ్లోరిన్ లేదు, చవక, మట్టిలో అరుగుతుంది. అన్ని పనులకూ పనికిరాదు, నీళ్లు పీల్చుకుంటుంది, చిక్కగా ఉంటుంది. దానికీ గ్లౌజులు, కళ్లద్దాలు కావాల్సిందే.

పురుగుమందు డబ్బాతో ఇచ్చే కరపత్రం హిందీ, ఇంగ్లిష్‌తో పాటు ఆ ప్రాంతంలో వాడే భాషలోనూ ఉండాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలే చెబుతున్నాయి. అక్షరం రానివాళ్ల కోసం రంగు త్రిభుజం పెట్టింది కూడా ఆ నిబంధనలే. మద్నూర్ దుకాణంలో మందు కొనే డోంగ్లి రైతు చేతికి ఆ కాగితం తెలుగులో వస్తుంది. అదే రైతు కొడుకు పటాన్‌చెరు ల్యాబులో ఫ్లాస్కు కడగడానికి చేతిలోకి తీసుకునేటప్పుడు దాని మీద ‘ఐఎల్-2’ అని మాత్రమే రాసి ఉంటుంది.